1966 జీటీఓ: చదవడం ముందు, పానా తర్వాత

ముందుగా కొనాల్సినవి మూడే: పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం, టార్చిలైటు, సుద్దముక్క. పానాల సెట్టు, ఇంజన్ ఎత్తే క్రేను, వెల్డింగ్ మిషను లాంటివి ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు. పాత అమెరికన్ మజిల్ కారును, అంటే పెద్ద ఇంజన్‌తో దూసుకుపోయే అరవైల నాటి కారును, బాగుచేద్దామని దిగినవాళ్లు చాలామంది బండి ఇంటికి రాగానే బోల్టులు విప్పడంతో మొదలుపెడతారు. నేనూ అంతే. విజయవాడ ఆటోనగర్ పక్కన పెరిగినవాణ్ణి. పొద్దున విప్పిన లారీ ఇంజన్ సాయంత్రానికి రోడ్డెక్కడం చూసిన కళ్లకు బండి అంటే విప్పి బిగించేదే. ఉద్యోగానికి అమెరికాలోని మిషిగన్ వచ్చి, 1966 పాంటియాక్ జీటీఓ ఒకటి కొని, మొదటి వారంలోనే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) మీదున్న పసుపు మైనపు గీతల్ని జిడ్డు తీసే డీగ్రీజర్ కొట్టి శుభ్రంగా కడిగేశాను. అవి ఫ్యాక్టరీలో పనివాళ్లు గీసిన తనిఖీ గుర్తులని తర్వాత ఒక పెద్దాయన చెబితే తెలిసింది. అన్నేళ్లు నిలిచిన గుర్తు నా చేతిలో అరగంటలో పోయింది.

అందుకే ఇక్కడ ఎక్కువ భాగం బండి మీది అంకెల్ని, గుర్తుల్ని చదవడం గురించి, వెతకడం గురించి. బిగించడం ఆ తర్వాత. ఉదాహరణకి నాకు బాగా తెలిసిన జీటీఓనే తీసుకుంటున్నాను. మీ మనసు ఫోర్డ్ మస్టాంగ్ మీదో, డాడ్జ్ ఛార్జర్ మీదో, షెవర్లే కమారో మీదో ఉంటే నంబర్లు మారతాయి గాని పద్ధతి ఇదే.

బండి పుట్టుక తెలుసుకోండి

జీటీఓ పుట్టిన తీరులోనే దాని చిక్కంతా ఉంది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ తన డివిజన్లన్నిటినీ రేసుల జోలికి పోవద్దని కట్టడి చేసింది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదన్న నియమం కూడా ఉండేది. ఆ డివిజన్లలో ఒకటైన పాంటియాక్‌కి అప్పట్లో చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్. ఆయన, బిల్ కాలిన్స్, రస్ గీ కలిసి ఆ నియమానికి ఒక సందు వెతికారు. ఉన్న మోడల్‌కి తగిలించే ఆప్షన్‌కు ఆ నియమం అడ్డురాదు కదా! అలా 1964 టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు మోడల్‌కి సుమారు 295 డాలర్ల జీటీఓ ఆప్షన్‌గా 389 ఘనపు అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఎక్కింది. ఆ ఏడాది 32,450 అమ్ముడుపోయాయి. 1966లో జీటీఓని విడి మోడల్‌గా చేశాక 96,946. ఆ పేరుతో ఏ ఏడాదీ అంతకు మించి అమ్మలేదు.

కొనేవాడికి ఈ కథతో పని ఉంది. 1964, 1965 బండ్ల విన్ నంబరులో, అంటే బండి గుర్తింపు సంఖ్యలో, జీటీఓ అన్న జాడే ఉండదు, లెమాన్స్ అనే ఉంటుంది. మామూలు లెమాన్స్ తెచ్చి, గ్రిల్లు మార్చి, బ్యాడ్జీలు తగిలించి, 389 ఇంజన్ దించి జీటీఓ అని అమ్మేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. కొందరు దాచకుండా చెప్పే అమ్ముతారు, అందులో తప్పేం లేదు. చెప్పనివాళ్లతోనే గొడవ. 1966 నుంచి 1971 దాకా జీటీఓ విన్ నంబరు 242తో మొదలవుతుంది. అందుకే మొదటిసారి దిగేవాళ్లకు నా సలహా ఒకటే: 1966 గాని 1967 గాని చూసుకోండి. గట్టి కాగితాలు చేతిలో లేకుండా 1964 బండికి అడ్వాన్సు ఇవ్వకండి.

అద్దం, టార్చి, సుద్దముక్క

1966 బండిలో విన్ పలక డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు బందులు ఉండే స్తంభం మీద కనిపిస్తుంది. అది డ్యాష్‌బోర్డు మీదకు వచ్చింది 1968లో. మొత్తం పదమూడు స్థానాలు. 242 అంటే జీటీఓ. తర్వాతి రెండంకెలు బాడీ రకం: 07 అయితే మధ్య స్తంభం ఉన్న కూపే, 17 అయితే మధ్య స్తంభం లేని హార్డ్‌టాప్, 67 అయితే పైకప్పు మడిచే కన్వర్టిబుల్. ఆ తర్వాతి 6 సంవత్సరం. తర్వాత ఫ్యాక్టరీ అక్షరం: పీ అంటే మిషిగన్‌లోని పాంటియాక్ ఊరు, బీ అంటే బాల్టిమోర్, కే అంటే కాన్సస్ సిటీ, జెడ్ అంటే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. చివరి ఆరంకెలు వరుస సంఖ్య. వీ8 బండ్ల వరుస 1తో మొదలవుతుంది, ఆరు సిలిండర్ల బండ్లది 6తో. ఎవరైనా 1965 జీటీఓ అని చూపించినప్పుడు ఆ వరుస సంఖ్య 6తో మొదలైతే మాట్లాడకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి. అది ఆరు సిలిండర్లతో పుట్టిన బండి, జీటీఓ అయ్యే అవకాశమే లేదు.

విన్ పలక రివెట్ల చుట్టూ గోకినట్టుగానీ, రంగు కింద పుట్టీ పెట్టినట్టుగానీ ఉంటే కూడా వెనక్కి తిరగండి. ఆ పలకను ఊడదీయడం, వేరే బండికి మార్చడం అమెరికాలో నేరం. బాగుచేసే పనిలో ఉన్నప్పుడు కూడా దాని జోలికి వెళ్లొద్దు. పైన టేపు వేసి రంగు కొట్టించండి.

బానెట్ ఎత్తితే ఫైర్‌వాల్ మీద ఇంకో పలక ఉంటుంది, బాడీ తయారీ వివరాలది. హార్డ్‌టాప్ అయితే 66 పక్కన 24217 అని ఉండాలి. సీటు రంగు కోడు, పెయింటు కోడు కూడా అందులోనే: ఏ అంటే స్టార్‌లైట్ బ్లాక్, ఆర్ అంటే మాంటెరో రెడ్. నలుపు కోడున్న బండి ఎర్రగా మెరుస్తుంటే ఎవరో మధ్యలో మనసు మార్చుకున్నారన్నమాట. ఆ పలక మీదే తయారైన నెల, వారం ఉంటాయి. 04బీ అంటే ఏప్రిల్ రెండో వారం. ఈ ఒక్క వివరం బాగా గుర్తుపెట్టుకోండి, మిగతా పరిశోధనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక ఇంజన్. పాంటియాక్ వీ8లలో ఓ చిత్రం ఉంది. 326 నుంచి 455 దాకా బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 389 అని చెప్పి 326 అంటగట్టినా పైనుంచి చూస్తే పోల్చుకోలేరు. కాబట్టి నంబర్లే దిక్కు. ఇంజన్ బ్లాకు ముందువైపు, ప్రయాణికుడి పక్క సిలిండరు హెడ్డు కింద రెండక్షరాల కోడు ఉంటుంది. 1966లో మాన్యువల్ గేరు, నాలుగు బ్యారెళ్ల కార్బరేటరు ఉన్న 335 హార్స్‌పవర్ ఇంజన్‌కి డబ్ల్యూటీ, అదే ఆటోమేటిక్‌కి అయితే వైఎస్. మూడు కార్బరేటర్ల ట్రైపవర్ 360 హార్స్‌పవర్ ఇంజన్‌కి, మాన్యువల్ గేరుతో, డబ్ల్యూఎస్. బ్లాకు వెనుక భాగంలో పోతపోసిన నంబరు 9778789 ఉండాలి. 1965, 1966 బండ్ల 389 బ్లాకు అదే. హెడ్ల మీద 1966కి 093, 1965కి 77, 1964కి 9770716. జిడ్డు తుడిచి, సుద్దముక్క అడ్డంగా రుద్ది, అద్దం పెట్టి టార్చి పక్కనుంచి కొట్టండి, అంకెలు పైకి తేలతాయి. నేరుగా వెలుగు పడితే మాత్రం ఏమీ కనిపించదు.

డిస్ట్రిబ్యూటరు దగ్గర బ్లాకు పోత తేదీ ఉంటుంది. అక్షరం నెల, తర్వాత రోజు, చివరి అంకె సంవత్సరం. డీ 146 అంటే 1966 ఏప్రిల్ 14. ఇప్పుడు లెక్క కట్టండి. బాడీ పలక ఏప్రిల్ రెండో వారం అంటోంది. బ్లాకు ఏప్రిల్ 14న పోతపోశారు. పోతపోసిన ఇనుము చల్లారి, మరలకు ఎక్కి, ఇంజన్‌గా మారి, బండిలో కూర్చోవడానికి రోజులు పట్టాలి కదా. అంటే ఆ ఇంజన్ ఆ బండితో పుట్టింది కాదు. అదే సీ 156, అంటే మార్చి 15 అయితే కుదురుతుంది. పాంటియాక్ ఇంజన్లు తయారయ్యేది పాంటియాక్ ఊళ్లోనే కాబట్టి, కాలిఫోర్నియాలో కట్టిన బండికి ఈ దూరం ఇంకొంచెం ఎక్కువగా ఉన్నా కంగారుపడక్కర్లేదు. ఇంజన్ రైలెక్కి దేశం ఆ చివరికి చేరాలి మరి.

ఒక పొరపాటు కొత్తవాళ్లందరూ చేస్తారు. 1966 మోడల్ బండ్లు 1965 శరదృతువు నుంచే తయారయ్యాయి. 1965 నవంబరులో కట్టిన 1966 బండిలో ఇంజన్ పోత తేదీలు 5తో ముగుస్తాయి. అది మోసం కాదు, అలాగే ఉండాలి.

“నంబర్స్ మ్యాచింగ్”, అంటే ఇంజన్ ఆ బండితో పుట్టిందే అన్న మాట, అమ్మకం ప్రకటనల్లో ఉప్పు చల్లినట్టు చల్లుతారు. పాంటియాక్‌లో బ్లాకు మీద విన్ నంబరులో కొంత భాగం కొట్టడం మొదలైంది 1968 బండ్లతో. అంతకుముందు బండి విషయంలో ఎవరైనా ఇంజన్ నంబరు విన్‌తో సరిపోయిందంటే, ఏ నంబరు దేనితో సరిపోయిందో చూపించమనండి. 1966 బండి దగ్గర మనం ముందుగా చూసుకోవాల్సింది కోడు సరైనదా, తేదీ కుదిరిందా అన్నది.

కాగితాల వేట

పాంటియాక్ అభిమానులకి ఒక అదృష్టం ఉంది. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్, వాడుకలో పీహెచ్ఎస్, 1961 నుంచి 1986 దాకా పాంటియాక్ బండ్ల ఫ్యాక్టరీ రికార్డుల ప్రతులు ఇస్తుంది. విన్ పంపి, రుసుము కడితే, ఆ బండి ఏ ఆప్షన్లతో ఏ డీలరుకి వెళ్లిందో కాగితం వస్తుంది. 1964, 1965 బండ్లకి ఇదొక్కటే తిరుగులేని రుజువు. కొనక ముందే తెప్పించుకోండి. అమ్మేవాడు విన్ ఇవ్వడానికి నసిగితే జవాబు అందులోనే ఉంది.

ఫోర్డ్ అయితే 1967 నుంచి ఉత్పత్తి రికార్డులు మార్టీ ఆటో వర్క్స్ దగ్గర ఉన్నాయి, వాళ్ల నివేదికనే మార్టీ రిపోర్ట్ అంటారు. డాడ్జ్, ప్లిమత్ బండ్లకి ఫెండర్ ట్యాగు మీద కోడ్లు ఉంటాయి. కష్టమల్లా షెవర్లే వాళ్లకే. అమెరికాలో అమ్మిన అరవైల షెవర్లే బండ్లకి ఇలాంటి రికార్డు దొరకదు. కెనడాలో అమ్మినవాటికి మాత్రం జనరల్ మోటార్స్ కెనడా కాగితాలు ఇస్తుంది. అందుకే కమారో కొనేవాళ్లు కెనడా బండి అంటే చెవులు నిక్కబొడుచుకుంటారు.

ఇంకో కాగితం బండిలోనే దాగి ఉండొచ్చు. తయారీ లైను మీద పనివాళ్లు చూసుకునే బిల్డ్ షీటును పని అయ్యాక సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు పైనో వదిలేసేవాళ్లు. సీట్లు విప్పేటప్పుడు ముందు చేతితో తడమండి. ఎలకలు కొరికిన ముక్క అయినా సరే పారేయకండి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టండి. దొరికిన కాగితంలో విన్ మీ బండిదేనా అని కూడా చూడండి. పక్క బండి కాగితం మన సీటులోకి వచ్చిన సందర్భాలున్నాయి.

పాత యజమానుల్ని వెతకడం కూడా ఇందులో భాగమే. 1970లలో ఈ బండిని నడిపినవాళ్ల దగ్గర ఆల్బంలో ఒక ఫోటో దొరికితే, అసలు చక్రాలు ఏవో, పైకప్పు మీద వైనిల్ తొడుగు (వైనిల్ టాప్) ఉందో లేదో ఒక్క చూపులో తేలిపోతుంది. ఫోన్ చేసేటప్పుడు “బండి అమ్ముతారా” అనే వాళ్ల గొంతు కాకుండా “మీ బండి నా దగ్గర క్షేమంగా ఉందండీ” అన్న గొంతుతో మొదలుపెట్టండి. అవతలివాళ్లు గంటసేపు మాట్లాడతారు.

విప్పేటప్పుడు

ఫోటోలు తీయండి. ఎన్ని అంటే, పిచ్చి అని ఇంట్లోవాళ్లు అనేటన్ని. ప్రతి వైరు ఏ క్లిప్పు కింద నుంచి పోయింది, బానెట్ బోల్టు కింద వాషర్లు ఎన్ని, రేడియేటరు గొట్టం క్లాంపు ఏ వైపు తిరిగి ఉంది. మైనపు గుర్తులు, రంగు చుక్కలు, సిరా ముద్రలు కనిపిస్తే పక్కన కొలబద్ద పెట్టి తీయండి. నాలా కడిగేయకండి. కడగక తప్పకపోతే ముందు ట్రేసింగ్ కాగితం మీద దించుకోండి.

ప్రతి బోల్టూ సంచిలో, సంచి మీద పేరు, తేదీ. బోల్టు తలల మీద తయారీదారు గుర్తులు ఉంటాయి, పాత కార్ల పోటీల్లో జడ్జీలు అవి కూడా చూస్తారు. హార్డ్‌వేర్ షాపు బోల్టు పెడితే పది అడుగుల దూరం నుంచి పట్టేసేవాళ్లున్నారు. పాత బోల్టుల్ని శుభ్రం చేసి, జింక్ ఫాస్ఫేట్ గాని, ముందున్న ప్లేటింగే గాని మళ్లీ వేయిస్తే కొత్తగా అవుతాయి, గుర్తు కూడా పోదు.

విప్పిన ఏ వస్తువూ చెత్తబుట్టలో వేయకూడదు. పగిలిన గ్రిల్లు, చీలిన రబ్బరు, తుప్పుపట్టిన క్లాంపు, అన్నీ. కొత్తది తెచ్చాక పక్కన పెట్టి పోల్చడానికి పాతదే ప్రమాణం. బండి రోడ్డెక్కాక పారేయాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. అప్పుడూ పారేయబుద్ధి కాదు లెండి.

సామాను వేట

డబ్బు, టైము, నిద్ర ఎక్కువ పోయేది ఇక్కడే. పాంటియాక్‌ను మూసేస్తున్నామని జనరల్ మోటార్స్ ప్రకటించింది 2009లో. కాబట్టి డీలరు కౌంటరు మీద ఆశ పెట్టుకోవద్దు. దొరికే సామాను మూడు రకాలు.

మొదటిది ఎన్ఓఎస్ (న్యూ ఓల్డ్ స్టాక్). అప్పట్లోనే తయారై, ఎవరూ వాడకుండా డబ్బాలోనే ఉండిపోయిన జనరల్ మోటార్స్ సరుకు. డబ్బా చూడగానే చేతులు వణుకుతాయి గాని రెండు సంగతులున్నాయి. డీలర్ల కౌంటరు మీద అమ్మిన విడిభాగం, లైను మీద బండికి బిగించిన భాగం ఒక్కటే కాకపోవచ్చు. తర్వాతి ఏళ్లలో పాత బండ్లకని తయారుచేసిన భాగాల్లో పోత నంబరు, తేదీ వేరుగా ఉండొచ్చు. రెండోది, రబ్బరుకు వయసు ఉంటుంది. అరవై ఏళ్లు డబ్బాలో పడుకున్న ఎన్ఓఎస్ గొట్టం, బీడింగు చూడ్డానికి కొత్తవే, వంచితే పెళుసుగా విరుగుతాయి. ఎన్ఓఎస్ పేరుతో రబ్బరు కొనకండి, అలంకారానికి తప్ప.

రెండోది వాడిన అసలు సామాను. నా మనసు దీనివైపే. ఒక 1966 లెమాన్స్ శవాన్ని కొంటే తలుపులు, అద్దాలు, ముందు ఫెండర్లు, ఇంకా బోలెడు చిన్న సామాను జీటీఓకి సరిగ్గా అతుకుతాయి. పనికిరానివేవో తెలిసి ఉండాలి: స్కూపు ఉన్న బానెట్, గ్రిల్లు, పలకలు పేర్చినట్టుండే వెనక దీపాల అమరిక జీటీఓకే ప్రత్యేకం. ఆ గ్రిల్లు ప్లాస్టిక్‌ది, అప్పటికి కొత్త విద్య. అందుకే పగుళ్లు లేనిది దొరకడం కష్టం. అమ్మేవాడు ఫోటోలో ముందువైపే చూపిస్తే వెనకవైపు స్క్రూలు బిగించే చెవులు విరిగాయేమో అడగండి.

మూడోది కొత్తగా చేసిన నకలు సామాను. దీన్ని చులకనగా చూసేవాళ్లున్నారు, నేను చూడను. కార్పెట్, తలుపుల రబ్బరు, వైరింగ్, బ్రేకు గొట్టాలు, పక్కగోడ మీద ఎర్రగీత ఉండే టైర్లు నకలువే కొనండి. న్యూహ్యాంప్‌షైర్‌లోని ఏమ్స్ పర్ఫార్మెన్స్ పాంటియాక్ సామానుకే పేరుపడింది, కోకర్ టైర్ 7.75-14 ఎర్రగీత టైర్లు అమ్ముతుంది. నకలు ఇనుప రేకుల దగ్గర మాత్రం ఆలోచించండి. ఫెండరు అంచు పావంగుళం తేడా వచ్చినా తలుపు సందు సరిచేయడానికి టింకరింగ్‌కే వారాలు పడుతుంది. దొరికితే, కొంచెం దెబ్బతిన్నదైనా అసలు ఫెండరే మేలు.

ఏది కొన్నా తేదీ చదవాల్సిందే. డెల్కో ఆల్టర్నేటరు మీద సంవత్సరం ముందు వస్తుంది, తర్వాత నెల అక్షరం, తర్వాత రోజు: 6సీ10 అంటే 1966 మార్చి 10. అద్దాల మీద చిన్న అక్షరాల్లో తయారీ నెల, సంవత్సరం. రిమ్ములమీద కూడా తేదీ ముద్ర. బండి తయారైన తేదీకి కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు ముందుండే తేదీ కావాలి. ఒక్క రోజు తర్వాతిది దొరికినా అది మన బండికి కాదు. ఎంత మెరుస్తున్నా సరే.

ట్రైపవర్ విషయంలో ఇంకొంత జాగ్రత్త. మూడు రోచెస్టర్ కార్బరేటర్ల ఆ సెటప్‌కి అందరూ ఎగబడతారు, 1967లో దాన్ని ఎత్తేశారు కాబట్టి ధర ఎక్కువ. సంతల్లో కలిపి అమ్మే సెట్లలో చాలావరకు కలగూరగంపలే: ఒక సంవత్సరం మానిఫోల్డు, ఇంకో సంవత్సరం కార్బరేటర్లు. మానిఫోల్డు పోత నంబరు చూడండి. 1964ది 9775088, 1965ది 9778818, 1966ది 9782898. 1966లో మధ్య కార్బరేటరు అడుగు పెద్దది, పాత మానిఫోల్డు మీద సరిగ్గా కూర్చోదు. మీ బండి పీహెచ్ఎస్ కాగితంలో నాలుగు బ్యారెళ్ల కార్టర్ ఏఎఫ్‌బీ అని ఉంటే దాన్నే ఉంచమంటాను. ట్రైపవర్ పెట్టుకున్నా మీ ఇష్టం, అమ్మేటప్పుడు మాత్రం కాగితంలో ఉన్నదే చెప్పండి.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే: అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పాత కార్ల సంత, అదే రాష్ట్రంలో కార్లైల్, కాలిఫోర్నియాలో పొమోనా, పాంటియాక్ వాళ్ల జాతర ఒహాయోలోని నార్వాక్. హెర్షీకి వెళ్లేటప్పుడు జేబులో అయస్కాంతం, టేపు, మీ బండి తేదీల చీటీ, అవసరమైన భాగాల ఫోటోలు, నగదు ఉండాలి. మన దగ్గర బేరమాడినట్టు సగం ధరకు మొదలుపెడితే ఇక్కడ మొహం తిప్పేసుకుంటారు. రెండు మూడు వస్తువులు కలిపి అడిగితే దిగుతారు. చివరి రోజు మధ్యాహ్నం బరువైన సామాను మోసుకుపోవడం ఇష్టంలేని అమ్మకందారు దేవుడితో సమానం. జీటీఓ అసోసియేషన్ ఆఫ్ అమెరికా లాంటి క్లబ్బులో చేరడం కూడా చేయాల్సిన పనే. అక్కడి పెద్దవాళ్ల షెడ్లలో ఉన్న సామాను ఎప్పుడూ ప్రకటనలకెక్కదు.

తుప్పు

ఇక్కడ మిషిగన్‌లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దాని దెబ్బకు డిక్కీ అడుగు, వెనక చక్రాల పైన రేకు, ఫెండర్ల కింది మూల, వైనిల్ టాప్ ఉంటే వెనక అద్దం చుట్టూ, ఛాసిస్ వెనక వంపు పోతాయి. అయస్కాంతంతో తడమండి. అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే. అరిజోనా బండ్లకి తుప్పు తక్కువ, కానీ డ్యాష్, సీట్లు ఎండకు ఉడికిపోయి ఉంటాయి. రెండిటిలో ఒకటి ఎంచుకోవాలంటే అరిజోనా బండే. సీటు గుడ్డ కుట్టించొచ్చు, ఛాసిస్ కుట్టించలేం.

రేకు కోసి అతికేటప్పుడు పాడైన మేరకే కోయండి. మొత్తం క్వార్టరు ప్యానెల్ (వెనక చక్రం పక్క రేకు) మార్చేద్దామని బాడీ షాపు వాళ్లు అంటారు, వాళ్లకి అది తేలిక. పైకప్పు, క్వార్టరు కలిసేచోట ఫ్యాక్టరీ సీసంతో నింపిన అతుకు ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా కింద భాగం మాత్రమే అతకగలరా అని అడగండి. పాత రంగు రుద్దేటప్పుడు, ఆ సీసం దగ్గర పనిచేసేటప్పుడు గట్టి మాస్కు లేకుండా ఉండకండి.

ఇంజన్

389 బోరు (సిలిండరు వెడల్పు) 4.06 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.75. సాధారణంగా 0.030 అంగుళాలు బోరు పెంచితే చాలు. అంతకు ముందెవరో 0.060 దాకా వెళ్లి ఉంటే, మళ్లీ కోసేముందు గోడ మందం సోనిక్ పరీక్షతో చూపించండి. లేదా సిలిండర్లలో స్లీవులు (లోపల తొడిగే కొత్త గొట్టాలు) వేయించండి. అసలు బ్లాకు పోగొట్టుకోవడం కంటే స్లీవుల ఖర్చు తక్కువ. మెషిన్ షాపుకి ఇచ్చేముందు కోడు ఉన్న చోటును ఫోటో తీసి, “ఇక్కడ గ్రైండరు పెట్టొద్దు, బీడ్ బ్లాస్టు చేయొద్దు” అని బ్లాకు మీదే మార్కరుతో రాయండి. నోటితో చెబితే మరిచిపోతారు.

కంప్రెషన్ నిష్పత్తి అప్పట్లో 10.75. ఇప్పటి బంకుల్లో దొరికే 91, 93 ఆక్టేన్‌తో అది కొట్టుకుంటుంది. నేను తల గుంటగా ఉండే డిష్ పిస్టన్లు వేయించి 9.5 దగ్గరికి దించాను, బయటికి ఎవరికీ కనిపించదు. సీసం లేని పెట్రోలుకి గట్టి ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు కూడా అప్పుడే వేయించండి. టైమింగ్ గేరుకి అసలు నైలాన్ పళ్లుంటాయి, వాటిని మాత్రం ప్రేమించకండి. అరిగిన ముక్కలు రాలి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తాయి. ఉక్కు గేరు పెట్టండి. వెనక మెయిన్ సీలు తాడు రకం, దాన్ని సరిగ్గా కూర్చోబెట్టగలిగిన మెకానిక్ దొరికితే వదులుకోకండి.

కొత్త క్యామ్ (వాల్వుల్ని తెరిచే దండం) వేసిన ఇంజన్ మొదటిసారి అంటుకోగానే ఐడిల్‌లో వదలొద్దు. 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు నడపాలి, జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్‌తో. ఆ ఇరవై నిమిషాలూ ఒకరు రేడియేటరు దగ్గర, ఒకరు మీటరు దగ్గర. అగ్నిమాపక సిలిండరు అందేంత దూరంలో.

బ్రేకులు, లోపలి పని

1966 జీటీఓకి నాలుగు చక్రాలకీ 9.5 అంగుళాల డ్రమ్ములు, మాస్టర్ సిలిండరులో ఒకటే గది. ఒక గొట్టం తెగితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. రెండు గదుల సిలిండరు 1967 నుంచి వచ్చింది. నిజంగా రోడ్డు మీద తిప్పే బండి అయితే ఆ 1967 రకం పెట్టుకుని, అసలుదాన్ని పేరు రాసి పెట్టెలో దాచండి. ఒరిజినల్ అన్న పట్టుదల నేను సడలించేది ఈ ఒక్కచోటే. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, డ్రమ్ములో దుమ్ముని గాలితో ఊదకండి, తడిపి తుడవండి.

సీట్లు మార్చే తొందర వద్దు. పాంటియాక్ మోరోకైడ్ అని పిలిచిన వైనిల్ గట్టిది. కుట్లు ఊడితే కుట్టించి, శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. డ్యాష్ మీది వాల్‌నట్ చెక్క పొర ఎండకు లేచిపోతే అంటించేవాళ్లున్నారు.

రంగు

రంగు అన్నిటికంటే చివర, ఇంజన్ ఒకసారి నడిచి చూశాక. ఫ్యాక్టరీలో వేసింది యాక్రిలిక్ లక్కర్. ఇప్పుడు చాలామంది యురేథేన్ రంగు మీద క్లియర్ అనే పారదర్శక పొర వేయిస్తారు, అది గట్టిదే గాని తడిసిన అద్దంలా మెరుస్తుంది, ఆ కాలం బండి అలా ఉండేది కాదు. నా బండికి క్లియర్ లేకుండా ఒకే పొరగా వేయించి, రుద్దించాను. రంగు ఏదంటే పలక మీద ఉన్న కోడే. తలుపు పానెల్ వెనకాల, డాష్ కింద పాత రంగు మిగిలి ఉంటే దాంతో పోల్చి కలపమనండి. ఫెండరు మీద “6.5 లీటర్” బ్యాడ్జి బిగించేటప్పుడు నవ్వుకోండి, 389 ఘనపు అంగుళాలు నిజానికి 6.4 లీటర్లే.

బీమా అగ్రీడ్ వాల్యూ (బండి విలువ ముందే ఒప్పుకునే) పద్ధతిలో తీసుకోండి. దానికి పీహెచ్ఎస్ కాగితాలు, విప్పేటప్పటి ఫోటోలు, రసీదులు ఒక ఫైలుగా పెట్టి పంపితే పని తేలికవుతుంది. మొదటి 500 మైళ్లలో ఆయిల్ రెండుసార్లు మార్చండి. ఫిల్టరు కోసి మడతల్లో ఇనుప రజను ఉందేమో చూడండి. మానిఫోల్డు బోల్టులు, బాడీ మౌంటులు మళ్లీ బిగించండి. ఆ తర్వాత ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూలో జరిగే పాత కార్ల ఊరేగింపుకి పొద్దున్నే బయల్దేరండి, పదింటి తర్వాత వెళితే ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కుతుంది.